మా ఆవిడ తీసిన ఫొటోలు

మా ఆవిడ మీద అసూయపడ్డానని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇంకెవరి మీదైనా అయితే ఇంత సిగ్గు ఉండేది కాదు. అరకులో నాతో పాటు మరో ముగ్గురు ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. పెళ్లిళ్ల రోజుల్లో వాళ్లకు రెండు పిలుపులు ఎక్కువొస్తే ఒక పూట మొహం ముడుచుకుని, సాయంత్రానికి మర్చిపోయేవాణ్ణి. పక్కన కూర్చుని అన్నం తినే మనిషి నాకంటే బాగా ఫొటో తీస్తుందని తెలియడం వేరు. ఆ మంట కంచం ముందు కూడా వదలదు.

నేను పని నేర్చుకున్నది పార్వతీపురంలో, ఒక పాత స్టూడియోలో. మా గురువు గారి పద్ధతంతా లెక్క ప్రకారం ఉండేది. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టాలి. పెద్ద లైటు ఒక పక్కగా, తల కంటే కాస్త ఎత్తులో పెట్టాలి. అవతలి చెంప మీద కంటి కింద చిన్న ముక్కోణంలా వెలుతురు పడిందా లేదా చూసుకోవాలి. పడితే లైటు సరైన చోట ఉన్నట్టు. రెండో లైటు దానిలో సగం, నీడలు మరీ నల్లగా ఉండకుండా. జుట్టు వెనక గోడలో కలిసిపోకుండా వెనక నుంచి మూడోది. ఇవన్నీ అయ్యాక అసలు సూత్రం ఒకటుండేది. మొహం తెల్లగా రావాలి. మనిషి ఎంత నలుపైతే అంత లైటు కొట్టమనేవారు. వచ్చినవాళ్లు అద్దంలో కనిపించే మొహం కోసం రారు, కావాలనుకునే మొహం కోసం వస్తారని ఆయన నమ్మకం. నేనూ నమ్మాను. ఆ నమ్మకంతోనే అరకు వచ్చి, రైల్వే స్టేషన్‌కి వెళ్లే రోడ్డులో స్టూడియో పెట్టుకున్నాను. వెనక నీలం తెర, దాని పక్కన జలపాతం బొమ్మ వేసిన ఇంకో తెర. బొర్రా గుహలు చూసి వచ్చే టూరిస్టులు మా మెట్లెక్కడం తక్కువ. స్కూలు పిల్లలు, ఆధార్ ఫొటోల వాళ్లు, పెళ్లిళ్లు, చర్చిలో బాప్తిస్మాలు, ఇవే మా బతుకు.

మా ఆవిడది కురుపాం దగ్గర కొండ మీద ఊరు. మిషన్ చర్చి కుటుంబం, వాళ్ల నాన్న బడిపంతులు. ఇంటర్ చదివింది. పెళ్లయిన నెల్లోపే ఆమె చేతిలో రిఫ్లెక్టర్ పెట్టాను. మొదట్లో అది వెండి కాగితం అంటించిన థర్మోకోల్ అట్ట. ఎండను పట్టి మొహం మీదికి తిప్పడానికి. తర్వాత మడిచి సంచిలో పెట్టుకునే గుండ్రటిది కొన్నాను. పన్నెండేళ్లు ఆమె దాన్ని పట్టుకుని నిలబడింది. ఎండలో, మంచులో, పెళ్లిపందిళ్లలో, చర్చి మెట్ల మీద. నేను ఆమెకు చెప్పిన మాటలు నాలుగే: పైకి, కిందికి, ఇటు, కదలకు. అక్కడ నిలబడితే నీకేం కనిపిస్తోందని ఒక్కసారీ అడగలేదు.

రెండేళ్ల కిందట నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాకా కూడా లేచేది కాదు. విశాఖపట్నంలో డాక్టరు నెలలు పడుతుందని, వ్యాయామం చెయ్యమని చెప్పాడు. అప్పటికే హుకుంపేట వైపు ఒక కొండ ఊళ్లో పెళ్లి ఒప్పుకుని ఉన్నాను. మిగతా ముగ్గురికీ ఫోన్ చేశాను, ఆ వారం ఎవరికీ ఖాళీ లేదు. మానేస్తామని కబురు చెబుదామనుకుంటుంటే మా ఆవిడ అంది, "నాను తీత్తాను. నువ్వు పక్కన కూకుని సెప్పు."

నాకు నవ్వొచ్చింది. కానీ వేరే దారి లేదు.

పెళ్లి చర్చిలో. ప్రార్థన ముగిశాక పెళ్లికూతుర్ని ఫొటోలకు కూర్చోబెట్టారు. ఆ అమ్మాయిది చామనఛాయ కాదు, మంచి నలుపు. ఎవరో అరకు నుంచి పిలిపించిన మేకప్ మనిషి మొహమంతా పౌడర్ దట్టించింది. తెల్ల చీర, తెల్ల ముసుగు, మధ్యలో బూడిద రంగు మొహం. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, రెండు లైట్లూ నిండుగా పెట్టమన్నాను. మా ఆవిడ రెండు ఫొటోలు తీసి కెమెరా వెనక చూసుకుంది. తర్వాత లైట్లు రెండూ ఆపేసింది. పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని లేపి, తన పైట చెంగుతో నుదుటి మీదా చెంపల మీదా పౌడర్ తుడిచి, చర్చి పక్క గది గుమ్మంలో నిలబెట్టింది. ఆ గుమ్మం ఉత్తరం వైపు. ఎండ నేరుగా పడదు. బయట ఆకాశం వెలుతురు మాత్రం ఒక పక్క నుంచి వచ్చి చెంపను తాకుతుంది.

నేను కుర్చీలోంచే, అవతలి పక్క చీకటిగా వస్తుంది, ఫ్లాష్ వెయ్యమన్నాను. నలుగురి ముందు నా మాట వినలేదన్న కోపం కూడా ఉంది.

ఆమె కెమెరా దించకుండానే అంది, "సీకటి కాదది. ఆ పెళ్లి గుంట రంగే అది."

మర్నాడు పొద్దున్న ఆ ఫొటోలు కంప్యూటర్లో తెరిచాను. గుమ్మంలో తీసిన ఫొటో వచ్చేసరికి నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. వెలుతురు నుదుటి మీద మొదలై, చెంప ఎముక మీద జారి, దవడ దగ్గర నీడలో కలిసిపోయింది. నలుపు నలుపుగానే ఉంది, దానిలో నునుపు ఉంది, మెరుపు ఉంది. కళ్లలో తలుపు ఆకారంలో రెండు చిన్న తెల్లటి చుక్కలు. ఆ అమ్మాయి అందంగా ఉందని పెళ్లిలో నేను గమనించనే లేదు.

పనివాణ్ణి కాబట్టి ఒక్క నిమిషంలో అర్థమైంది. నల్లటి చర్మానికి కావలసింది ఎక్కువ లైటు కాదు. వెడల్పయిన వెలుతురు పక్క నుంచి వచ్చి చర్మం మీద జారాలి. అప్పుడది తనంతట తనే మెరుస్తుంది. ఎదురుగా నిలబడి కొడితే సుద్ద పూసినట్టవుతుంది. ఇరవయ్యేళ్లుగా నేను ఈ కొండల మనుషుల మొహాలకు సున్నం కొడుతూ వచ్చాను. సంగతి తెలిసినందుకు సంతోషపడాల్సింది పోయి, దాన్ని ఎవరు తెలియజేశారన్న దగ్గరే నా మనసు చిక్కుకుపోయింది.

తప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాను. ప్రతి ఫొటో పెద్దది చేసి చూశాను. ఒకదాంట్లో గోడ గీత కాస్త వంకరగా ఉంది. ఇంకోదాంట్లో ఉంగరం మసకగా ఉంది. ఆమెను పిలిచి చూపించాను. "అవును, సూసుకోనేదు," అని ఒప్పుకుని ఎసరు పెట్టడానికి వెళ్లిపోయింది. ఎదురు చెప్పి ఉంటే బాగుండేది. ఆ ఒప్పుకోలు నన్ను ఇంకా కుదిపింది.

ఆ మధ్యాహ్నం నేను చేసిన పని చెబుతాను. గుమ్మంలో తీసిన ఆరు ఫొటోలనూ కంప్యూటర్లో వెలిగించాను. నీడలు లేపాను, చర్మం తెల్లబరిచాను. సరిచేస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆల్బమ్ తయారయ్యాక చూసుకోవడానికి వచ్చిన పెళ్లికూతురు పేజీలు తిప్పుతూ ఆ ఫొటోల దగ్గర ఆగింది. ఫొటో తీసిన అక్క ఆ రోజు కెమెరాలో చూపించింది ఇది కాదు కదా అంది. ఇది అదేనన్నాను. కాదంది ఆ అమ్మాయి, మెల్లగానే. అప్పుడు మా ఆవిడ పక్కనే ఉంది. నా వైపు చూడలేదు. చేసేది లేక ఆ ఆరూ మళ్లీ ప్రింట్ తీసిచ్చాను, ఆమె తీసినవి తీసినట్టుగా.

ఆ గుమ్మం ఫొటో ఫోన్ల మీద ఊరూరా తిరిగింది. నెల తిరక్కుండా స్టూడియోకి ఫోన్లు మొదలయ్యాయి. ఇన్నాళ్లూ ఫోన్ ఎత్తితే "సార్, ఖాళీ ఉన్నారా" అనేవాళ్లు. ఇప్పుడు "మేడం ఉన్నారా" అంటున్నారు. ముంచంగిపుట్టు నుంచి, డుంబ్రిగూడ నుంచి. నా భుజం సగం తగ్గాక కూడా అలాగే అడిగారు. ఆమె కెమెరా సంచి తగిలించుకుని జీపెక్కి వెళ్తుంటే నేను స్టూడియోలో నీలం తెర ముందు ఆధార్ ఫొటోలు తీస్తూ కూర్చునేవాణ్ణి. సాయంత్రం ఆమె వచ్చాక ఫొటోలు చూసేవాణ్ణి. బాగుంటే అన్నం సయించేది కాదు. బాగోకపోతే ఆకలి వేసేది. ఇంతకంటే నిజంగా చెప్పడం నాకు రాదు.

ఒకరోజు మామూలుగా అడిగినట్టు నటిస్తూ అడిగాను, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని. యూట్యూబ్ అంటుందనుకున్నాను. అలా అని ఉంటే నాకు ఊరటగా ఉండేది.

"నీ దగ్గరే కదా," అంది. "పన్నెండేళ్లు అట్ట పట్టుకుని నిలబడ్డాను. నువ్వు కెమెరాలోంచి సూసేవోడివి. నాను ఎలుతురు పక్కనుంచి సూసేదాన్ని. ఎటునుంచి పడితే మొహం కుదుటపడతాదో అక్కణ్ణించి బాగా అవుపడతాది."

నేను నిలబెట్టిన చోట నిలబడే నేర్చుకుంది. నేనెప్పుడూ ఆ చోట నిలబడలేదు. తప్పు ఎవరి మీదా తోసెయ్యడానికి లేకుండా పోయింది.

అలా ఉండగా కాఫీ రైతుల సంఘం నుంచి ఒక కుర్రాఫీసరు వచ్చాడు. ఒక కొండ ఊళ్లో ఏళ్ల తరబడి కాఫీ తోటలు చేస్తున్న ముసలి ఆడవాళ్ల ఫొటోలు కావాలట. పెద్దవిగా వేయించి విశాఖపట్నంలో ప్రదర్శన పెడతారట. పన్నెండు మంది. మేడం తీస్తే బాగుంటుందని ఆ ఊరివాళ్లే అడిగారట. అది ఆదివారం. మా ఆవిడ చర్చిలో ఉంది, మా స్టూడియోకి అర కిలోమీటరు దూరంలో. అక్కడి పాటలు గాలి ఇటు తిరిగినప్పుడల్లా మా గుమ్మం దాకా వినిపిస్తున్నాయి.

ఆమె పుట్టింటికి వెళ్లింది, నెల దాకా రాదు, నేను తీస్తాను అన్నాను. నోరు తనంతట తానే అంది. గురువారం రమ్మని చెప్పి వెళ్లిపోయాడతను. ఇంట్లోనేమో ఆఫీసు కాగితాల కోసం పాస్‌పోర్ట్ ఫొటోలు తీయడానికి వెళ్తున్నానని చెప్పాను.

గురువారం నా సామానంతా జీపులో వేసుకుని వెళ్లాను. రెండు పెద్ద లైట్లు, బ్యాటరీ, లైటును మెత్తబరచడానికి ముందు తగిలించే పెద్ద గుడ్డపెట్టె. కాఫీ తోటలోనే తీస్తే కాఫీ రైతులని తెలుస్తుందని, వాళ్లను సిల్వర్ ఓక్ చెట్ల కింద కూర్చోబెట్టాను. ఆ చెట్ల కింద వెలుతురు ఎలాంటిదో నాకు తెలియనిది కాదు. ఆకుల్లోంచి దిగేది ఆకుపచ్చగా దిగుతుంది, మొహాలు జబ్బు చేసినట్టుంటాయి. సందుల్లోంచి పడే ఎండ మచ్చలు మచ్చలుగా పడుతుంది. వాటన్నిటినీ ఫ్లాష్‌తో కొట్టి చెరిపేస్తాననుకున్నాను. గాలి కొండ మీద నుంచి దిగి గుడ్డపెట్టెను రెండుసార్లు పడగొట్టింది. లైటు వెలిగినప్పుడల్లా వాళ్లు కళ్లు మూసేవారు. కంటి ఆపరేషన్ అయిన ఒకామె, ప్రతిసారీ చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తియ్యమని నేను ప్రతిసారీ చెప్పాను. ఆధార్ ఫొటోకి కూర్చున్నట్టే కూర్చున్నారు అందరూ, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని.

వాళ్లలో అందరికంటే పెద్దామె, పూసల దండలు మెడ నిండా వేసుకుని వచ్చిందామె, తన వంతు అయ్యాక లేచి నా దగ్గరికొచ్చింది.

"మీ ఇంటిది రానేదేటి బాబూ? ఆ గుంట వొత్తాదంటే కొత్త కోక కట్టుకున్నాను."

ఒంట్లో బాగోలేదు, జ్వరం అన్నాను. అది మూడో అబద్ధం. ఆఫీసరుకు చెప్పింది ఒకటి, ఇంట్లో చెప్పింది ఒకటి, ఇది ఇంకొకటి. మూడూ ఒకదానికొకటి పొసగవని అప్పుడు తోచలేదు.

ఆ ముసలామె తోట పక్కనే ఉన్న తన ఇంట్లోకి వెళ్లింది. నేను సామాను సర్దుకునేసరికి చేతిలో సంచితో తిరిగొచ్చింది. ఒక సీసాలో తేనె, మట్టి కూడా వదలని అల్లం, పసుపు కొమ్ములు, కాసిని రాగులు. రాగులు జావ కాయమంది. తేనెలో అల్లం రసం కలిపి పొద్దున్నే పట్టమంది. ఎప్పటి నుంచి జ్వరం, తిండి తింటోందా అని మిగతావాళ్లు నా చుట్టూ చేరి అడిగారు. నేను ప్రతిదానికీ జవాబు చెప్పాను.

దారిలో ఆ సంచి పారేద్దామని రెండు మలుపుల దగ్గర అనుకున్నాను. చెయ్యి రాలేదు. ఇంటికి తెచ్చి, ఊళ్లోవాళ్లు ఇచ్చారని వంటింట్లో పెట్టాను. మా ఆవిడ అల్లం వాసన చూసి మంచిదంది. అంతే.

మర్నాడు పొద్దున్న ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతోంది. ఫోన్ మోగితే నేను అందుకునేలోపే ఎత్తింది. అవతల మాట్లాడేది ఆ పెద్దామె మనవరాలని నాలుగు మాటల్లోనే నాకు తెలిసిపోయింది. మా ఆవిడ చెయ్యి చేటలో ఆగింది. నా వైపు చూసింది. తర్వాత ఫోన్లో అంది, "తగ్గిపోనాదమ్మా. మామ్మకి సెప్పు. జావ కాసుకుని తాగినాను."

ఫోన్ పెట్టేసింది.

"నాకు జరం ఎప్పుడొచ్చింది?"

చెప్పేశాను. ఆదివారం దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ. ఆల్బమ్ కోసం ఆ ఆరు ఫొటోలు నేనెందుకు తెల్లబరిచానో కూడా చెప్పాను. ఆమె తల ఎత్తకుండా విన్నది. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అనుకున్నాను. చేట పక్కన పెట్టింది.

"నువ్వెల్తానంటే నాను అడ్డం వొద్దునా? సెప్పుంటే నానే పంపుదును. నన్ను మంచాన ఎందుకు పడుకోబెట్టినావు?"

ఆ తర్వాత మూడు రోజులు ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఈలోగా సంఘం ఆఫీసరు నా ఫొటోలు చూసి వచ్చాడు. మర్యాదస్తుడు. గుర్తింపు కార్డు ఫొటోల్లా ఉన్నాయి సార్, గోడకు పెట్టలేం అన్నాడు. మా ఆవిడ అప్పుడు లోపలి నుంచి వచ్చి, పుట్టింటి నుంచి బేగి వచ్చేశానని, తాను తీస్తానని చెప్పింది. అతను వెళ్లాక నాతో అంది, రిఫ్లెక్టర్ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, వస్తావా అని. పరీక్ష పెడుతోందా, నిజంగానే మనిషి కావాలా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. వస్తానన్నాను.

ఈసారి లైట్లు తీసుకెళ్లలేదు. ఆమె తోట వైపే వెళ్లలేదు. ఊరి చివర సిమెంటు కళ్లంలో కాఫీ గింజలు ఎండబోసి ఉన్నాయి. పండు తొక్క తీసేసిన గింజలు, లేత గోధుమరంగులో కళ్లం నిండా పరిచి ఉన్నాయి. అంచున చిన్న రేకుల పాక. ఆమె ఒక్కొక్కరినీ ఆ పాక నీడలో, కళ్లానికి ఎదురుగా కూర్చోబెట్టింది. ఎండ గింజల మీద పడి, అక్కణ్ణించి వెచ్చటి రంగుతో పైకి లేచి వాళ్ల గడ్డాల కింద, కనుబొమల కింద నిండుతోంది. అంత పెద్ద రిఫ్లెక్టర్ను ఏ కంపెనీ తయారు చెయ్యదు. నా చేతిలోని గుండ్రటిది పక్క నుంచి కంట్లోకి ఒక్క మెరుపు వెయ్యడానికి.

నేను తీసినప్పుడు ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టింది. ఆమెకు అరగంట పట్టింది. కెమెరా ఒళ్లో పెట్టుకుని మిరియాల తీగల గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడింది. ఆపరేషన్ అయిన ఆమెను ఏ కన్ను అని అడిగి, ఆ కన్ను నీడలోకి వచ్చేలా పక్కకు తిప్పి కూర్చోబెట్టింది. ఆ అడగడం నాకు ఎందుకు తోచలేదో అనుకుంటూ నిలబడ్డాను.

పెద్దామె వంతు వచ్చింది. జ్వరం తగ్గాక చిక్కిపోయావే అని మా ఆవిడ చెంప నిమిరి కూర్చుంది. నేను ఆమెకు మూడడుగుల దూరంలో, పక్కగా ఉన్నాను. ఇరవయ్యేళ్లలో మొదటిసారి ఒక మొహాన్ని వెలుతురు వైపు నుంచి చూశాను. ముడతలు ఒక్కొక్కటీ విడిగా, లోతుగా కనిపించాయి. పూసల కింద మెడ నరం కదలడం కనిపించింది. ఆమె ఏదో గుర్తొచ్చి మా ఆవిడ వైపు చూసి నవ్వబోతోంది. ఇది ఆ పన్నెండింటిలోనూ గొప్ప ఫొటో అవుతుందని నాకు తెలిసిపోయింది.

అప్పుడు నా మణికట్టు కిందికి వంగింది. అలిసిపోయి కాదు. నేనే వంచాను. రెండు వేళ్లంత. ముసలామె కంట్లో మెరుపు ఆరిపోయింది.

మా ఆవిడ కెమెరాలోంచి కన్ను తియ్యలేదు. "కాస్త పైకి," అంది. గొంతులో ఏ తేడా లేదు.

ఎత్తాను. మెరుపు తిరిగి వచ్చింది. ముసలామె నవ్వింది. కెమెరా చప్పుడు వినిపించింది.

కావాలనే వంచానని మా ఆవిడకు తెలుసో తెలియదో. ఆ ఒక్కటీ నేను చెప్పలేదు. ఇంటికి వచ్చేటప్పుడు జీపులో ఆమె అలసిపోయి నా మంచి భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. కదిలితే లేస్తుందని అరకు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.

ఆ చలికాలం చివర్లో విశాఖపట్నంలో ప్రదర్శన పెట్టారు. ఇద్దరం వెళ్లాం. పన్నెండు ఫొటోలూ మనిషంత ఎత్తున గోడల మీద ఉన్నాయి. నా మెడలో అలవాటుగా కెమెరా ఉంది. ఖద్దరు చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి పెద్దామె ఫొటో ముందు చాలాసేపు నిలబడి, నా వైపు తిరిగి, ఇంత నల్లటి మొహంలో ఇంత వెలుగు ఎలా పట్టారండీ అన్నాడు. నాకు లోపల తీపిగా అనిపించింది. తలూపితే సరిపోయేది. తలూపకపోయినా, ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఆ ఫొటో తీసిన మనిషిగానే నిలబడ్డాను.

తర్వాత, నేను కాదు, మా ఆవిడ తీసిందని చెప్పి అటు చూపించాను. ఆమె హాలు అవతలి చివర తల పైకెత్తి కప్పులోని బల్బులను చూస్తోంది. ఆయన ఆమె వైపు నడిచాడు. నేను ఉన్నచోటే ఉండిపోయాను. చెప్పినందుకు తేలికగా అనిపించిందా అంటే లేదు. పంటి కింద రాయి పడ్డట్టే ఉంది.

ఆయనతో మాట్లాడటం ముగించుకుని ఆమె నా దగ్గరికొచ్చింది. ఆపరేషన్ అయినామె ఫొటో అద్దం మీద బల్బు వెలుగు సరిగ్గా కంటి దగ్గర పడుతోందట, ఆ బల్బు కాస్త అవతలికి తిప్పించాలట. ఎంత తిప్పాలో నీకే బాగా తెలుస్తుందని నాతో అంది. నేను నిచ్చెన ఎక్కడుందో కనుక్కోవడానికి వెళ్లాను.